మూడు కిలోలకు తగ్గకుండా

ఉత్తర యూరప్‌లోని ఆ రేవు పట్నంలో, పరాయి దేశం నుంచి వచ్చిన ప్రతి ఆడమనిషీ తన అణచివేతను తూకం వేయించి నగరపాలక సంస్థకు అప్పగిస్తేనే నివాసపు కార్డు ఇస్తారు. మూడు కిలోలకు తగ్గకూడదు. ఎక్కువైతే ఇబ్బంది లేదు, లేచి నిలబడి చప్పట్లు కొడతారు.

తూకం పెద్ద కష్టమైన పని కాదు. పరాయివాళ్ళని ఊళ్ళో కలుపుకోవడానికి పెట్టిన కలుపుకోలు కార్యాలయంలో ఒక కాటా ఉంటుంది. చెప్పులు విడిచి దాని మీద నిలబడాలి. అధికారి ప్రశ్నలడుగుతుంటే అణచివేత భుజాల మీద నుంచి జారి, కింద కట్టిన బూడిదరంగు గోనెసంచిలో పడుతుంది. చూడ్డానికి తడిసిన దూదిలా ఉంటుంది. ఆడమనిషి చెప్పినదాన్ని బట్టి కాక, విన్న అధికారికి అర్థమైనదాన్ని బట్టి బరువు పడుతుందని కాటా చేసినవాళ్ళే దాని మీద ఒక ఇత్తడి పలక బిగించి మరీ చెప్పారు. పలక అక్కడి భాషలో ఉంది కనుక కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని అలంకారం అనుకుంటారు.

తూకం అయ్యాక సంచి మూతి కట్టి, ఆ అణచివేత ఏ మగవాడి వల్ల కలిగిందో అతని పేరు అట్టముక్క మీద రాసి వేలాడదీస్తారు. అట్టమీద పేరున్న మగవాడికి 'పీడకుడు' అన్న ధ్రువపత్రం ఇంటికే వస్తుంది. దాన్ని మెడలో వేసుకుని వారానికోసారి తప్పులు ఒప్పుకునే తరగతికి వెళ్ళాలి. పెద్దగా బాధపెట్టరు, కాఫీ కూడా ఇస్తారు.

సంచులన్నీ నేలమాళిగలో దొంతర్లుగా ఉంటాయి. ఎన్నికల ముందు రెండు పార్టీలవాళ్ళూ అక్కడికి వెళ్ళి ఫొటోలు దిగుతారు. మన నగరం ఇంత బరువు మోయలేదని ఒక పార్టీ అంటుంది. చూడండి, మన నగరం ఇంత బరువు దించిందని ఇంకో పార్టీ అంటుంది. ఇద్దరికీ బరువు కావాలి కాబట్టి మూడు కిలోల నిబంధన మీద మాత్రం ఎప్పుడూ గొడవ రాలేదు.

పొట్నూరు ఇందుమతి విజయనగరం జిల్లా మనిషి. సముద్రంలో పాతిన గాలిమరలు ఎక్కి వాటి రెక్కలూ పళ్ళచక్రాలూ బాగుచేసే ఇంజనీరు. ఆ ఉద్యోగం మీదే ఆ పట్నం వచ్చింది. భర్త సింహాచలం ఊళ్ళో ఫిజిక్సు ట్యూషన్లు చెప్పేవాడు. భార్య వెంట వచ్చి, ఇల్లు చూసుకుంటూ, అక్కడి భాష నేర్చుకుంటూ, మెంతికాయ పెట్టడానికి పనికొచ్చే మామిడికాయ కోసం ఊరంతా గాలిస్తూ కాలక్షేపం చేస్తున్నాడు. తూకానికి రమ్మని కబురొచ్చినప్పుడు ఇందుమతి పాలకార్డు పనికి వెళ్ళినట్టే వెళ్ళింది.

తూకం అధికారి పేరు అన్నెకె. ఏభై దాటిన మనిషి, మంచి మనిషి. ఆ విభాగంలో సంచులు ఎత్తి దించేవాళ్ళంతా ఆడవాళ్ళే. సంతకాలు పెట్టేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు, వాళ్ళు మగవాళ్ళు.

"ఇంట్లో ఎవరి మాట నడుస్తుంది?" అని అడిగింది అన్నెకె.

"ఏ విషయంలో అన్నదాన్ని బట్టి," అంది ఇందుమతి.

"మీ జీతం ఎవరి దగ్గర ఉంటుంది?"

"బ్యాంకులో."

ముల్లు సున్నా దగ్గరే ఉంది. అన్నెకె కాటాని మునివేళ్ళతో తట్టి చూసింది.

"పోనీ, ఇదివరకు? మీ ఊళ్ళో ఎవరూ మిమ్మల్ని ఆపలేదా?"

"ఎందుకాపలేదండీ? హాస్టల్లో ఆరింటికే గేటుకి తాళం వేసేవారు. వార్డెన్ ఇంటిముందు బైఠాయిస్తే ఆ ఆరు ఎనిమిదయింది. ఆడపిల్లకి మెకానికల్ ఎందుకన్నాడు మా నాన్న. నేనే వెళ్ళి చేరాను. టవర్లెక్కే కోడలు మాకొద్దన్నాడు మా మామగారు. ఆయన్నే టవరు కిందకి తీసుకెళ్ళి నిలబెట్టి, పైకెక్కి చెయ్యూపాను. ఆ తర్వాత మా కోడలు మేఘాల్లో పనిచేస్తుందని ఆయనే ఊరంతా చెప్పుకున్నాడు."

"ఇన్ని ఉన్నాయి కదా! మరి బరువేది?"

"అక్కడివి అక్కడే తేల్చుకున్నానండీ. మిగలబెట్టుకుని విమానం ఎక్కలేదు."

అన్నెకెకి ఆ జవాబు నచ్చింది గాని దాన్ని ఏ సంచిలో వేయాలో తెలియలేదు. జాలిపడి, ఖాళీ చేతులతో పంపడం ఇష్టంలేక, ఇందుమతికి ఒక అవకాశం చూపించింది. శనివారాలు ఆడవాళ్ళకి సైకిల్ నేర్పుతారు, చేరవచ్చు. చివర్లో జుట్టు గాలికి ఎగురుతుండగా ఫొటో తీసి 'విముక్తి' అనే కరపత్రం అట్టమీద వేస్తారు.

ఇందుమతి ఆరో తరగతి నుంచి చెల్లెల్ని వెనకాల కూర్చోబెట్టుకుని సైకిల్ తొక్కినది. శనివారాలు ఆమెకి నిద్ర కావాలి. అంత మంచి మనిషి మొహం మీద కాదనలేక, మన వాళ్ళెవరైనా అనే మాటే అంది.

"ఇంట్లో మా ఆయన్ని అడిగి చెప్తానండీ."

ఈ మాట సంగతి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు. అది తలుపుకి వేసే గొళ్ళెం లాంటిది. బీమా ఏజెంటు వచ్చినా, చీటీల కంపెనీ వాళ్ళు వచ్చినా, గొలుసు వ్యాపారంలో చేరమని చుట్టాలు వచ్చినా, ఎదుటివాడి పరువు పోకుండా సాగనంపడానికి అంతకన్నా మర్యాదైన మాట ఇంకా పుట్టలేదు. సింహాచలం కూడా అలాంటప్పుడు "మా ఆవిణ్ణి అడిగి చెప్తాను" అనేవాడు. ఇలా ఒకరి చాటున ఒకరు దాక్కుని ఆ ఇద్దరూ ఎన్నో పాలసీల నుంచి బయటపడ్డారు. ఏనాడూ ఒకర్నొకరు అడిగింది లేదు.

కింద సంచిలో ఏదో పడిన చప్పుడైంది. ముల్లు నాలుగు వందల గ్రాముల దగ్గర ఆగింది.

"చూశారా," అంది అన్నెకె, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా. "ఉంది. లోపల చాలా ఉంది. దాచమని చెప్పి పంపాడు."

ఇందుమతి ఆ మాటకి అర్థం ఏమిటో విడమరిచి చెప్పింది. చెప్పేకొద్దీ ముల్లు ముందుకే కదిలింది. భర్తను వెనకేసుకొచ్చే మాటలకి బరువెక్కువట. కేసు పునఃపరిశీలనకి వెళ్ళింది. నియమం సులువుగానే ఉంది: రెండో తూకంలో మూడు కిలోలు తేలి, సింహాచలం పేరు రాయిస్తే ఆమెకు కార్డు, అతనికి మెడలో ధ్రువపత్రం. తేలకపోయినా, పేరు చెప్పకపోయినా ఆమె పూర్తిగా భర్త గుప్పిట్లో ఉన్నట్టు. అప్పుడు ఆమె స్వేచ్ఛ కోసం అతన్ని విమానం ఎక్కించి పంపేస్తారు.

ఆ వారంలోనే ఇల్లు చూడ్డానికి ఇద్దరు వచ్చారు. వంటింట్లో సింహాచలం పప్పు పోపు పెడుతున్నాడు. 'భర్త వంటగదిని సైతం ఆక్రమించుకున్నాడు' అని రాసుకున్నారు. బీరువాలో చీరలు చూసి, టేపు పెట్టి కొలిచి, ఒక్క మనిషికి ఇంత గుడ్డ ఎందుకు చుట్టాల్సి వస్తోందని అడిగారు. ఇందుమతి ప్యాంటూ చొక్కాలో ఉంది. చుట్టట్లేదు కదా అంది. అధికారులు వస్తున్నారని తెలిసి విప్పించి ఉంటాడని నిర్ధారించుకుని, సింహాచలం పెట్టిన పకోడీలు తిని వెళ్ళారు. పకోడీలు బాగున్నాయని కూడా రాశారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అక్కడివాళ్ళు నిజాయితీ గలవాళ్ళు.

తర్వాత కంపెనీ నుంచి ఉత్తర్వు వచ్చింది. పరిశీలనలో ఉన్న స్త్రీ ఇచ్చే అంగీకారం స్వేచ్ఛగా ఇచ్చింది కాదు. ఎత్తు ఎక్కడానికి ఆమె స్వయంగా అంగీకరించాలి. కాబట్టి ఆమె ఎత్తు ఎక్కకూడదు. ఇందుమతిని గాలిమర మీద నుంచి దింపి, రేవులో ఒక గదిలో నట్లూ బోల్టులూ సైజుల వారీగా వేరుచేసే పనికి పెట్టారు. మామగారి వల్ల కాని పని ఒక్క కాగితంతో అయిపోయింది. తోటి ఉద్యోగులు వచ్చి, నువ్వు చాలా ధైర్యవంతురాలివి అని భుజం తట్టి వెళ్ళేవారు. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేవారు.

కార్యాలయం వరండాలోనే ఇందుమతికి జర్మీనా పరిచయమైంది. కొండల దేశం నుంచి వచ్చిన పిల్ల. ఆమె భర్త నిజంగానే కొట్టేవాడు. మొదటి తూకంలోనే పద్నాలుగు కిలోలు తేలింది, అధికారులంతా లేచి చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండానే అతను మళ్ళీ కొట్టి ఆమె చెయ్యి విరిచాడు. ఫిర్యాదు చేయడానికి వస్తే, మీ అణచివేత మొత్తం ఇప్పటికే మా దగ్గర జమ అయింది, మీ దగ్గర ఉండే అవకాశం లేదు అని రసీదు చూపించారు. చెయ్యి విరిగింది కదా అంటే అది వైద్యశాఖ అన్నారు. ఇందుమతి ఆమెను ఇంటికి తీసుకొచ్చింది. ఎక్కడో దూరపు ఊళ్ళో ఆడవాళ్ళే నడిపే ఆశ్రయం వెతికి పంపేదాకా, సింహాచలం తన మంచం ఆమెకిచ్చి హాల్లో చాప మీద పడుకున్నాడు. 'ఇంట్లో రెండో స్త్రీని కూడా తెచ్చిపెట్టుకున్నాడు' అని కార్యాలయంవాళ్ళు రాసుకున్నారు.

నెల్లూరు నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన పద్మజ సలహా చెప్పడానికి వచ్చింది. ఆమె ఎప్పుడో ఆరు కిలోలు ఇచ్చి కార్డు పుచ్చుకున్న మనిషి.

"ఏందక్కా నువ్వు, ఇంత చిన్నదానికి ఇంత యాతన పడతావా? నేను మా మామ పేరు రాయించేసినా. ఆయన పోయి పదేళ్ళు. పాపం, ఉన్నన్నాళ్ళూ నన్ను అమ్మా అనే పిలిచినాడు. ఇప్పుడు పోయినోళ్ళ పేర్లు తీసుకోవడం లేదులే. మీ ఆయన పేరే రాయించు. మెడలో ఆ పత్రం వేలాడితే మెడ తెగిపోద్దా? మా వీధిలో మొగోళ్ళంతా ఏసుకోనే ఉండారు."

"నీకేం అనిపించలేదా పద్మజా?"

"అనిపించింది. తద్దినం నాడు అనిపిస్తది," అని పద్మజ లేచి వెళ్ళిపోయింది.

రెండో తూకం ముందురోజు సింహాచలమే కదిపాడు. అతను అద్దం ముందు నిలబడి, తరగతిలో అడిగితే చెప్పడానికి కొన్ని తప్పులు సాధన చేస్తున్నాడు. కళ్ళెర్రజేయడం రావడంలేదు.

"ఇందూ, రాయించెయ్యి. నా పేరే గదేటి? పేరుకేటి, అరిగిపోతాదా, తరిగిపోతాదా? నువ్వు మళ్ళీ గాలిమరెక్కాల. ఆ నట్లు ఏరుకుంటా కూకుంటే నాను సూడలేకపోతన్నాను."

"నాను బోల్టులేరడం సూడలేవు గానీ, నువ్వు మెడలో పలకేసుకుని బజారుకెళ్తే నాను సూడాలేటి?"

"పంపించెస్తారట. అప్పుడేటి సేస్తావు?"

"పంపిస్తే నీతోటే వచ్చెస్తాను. గాలి అక్కడా ఉంది, మరలు అక్కడా ఉన్నాయి. ఒకటి మాత్రం ఇనుకో. నా బతుకులో గొడవలు నానే పడ్డాను, నానే గెలిసేను. ఎవులో ఒకలు నన్ను ఇడిపించేరని రాయించుకుంటే, మరి నాను సేసిందేటి? ఆ గెలుపు ఆల్లకి ధారపోయ్యాలా? ఇవ్వను."

సింహాచలం అద్దం ముందు నుంచి తప్పుకున్నాడు. అతనికి భయమూ ఉంది, గర్వమూ ఉంది. రెండూ ఒకేసారి ఉంటే ఏం చేయాలో తెలియక ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళాడు.

మర్నాడు ఇందుమతి కాటా ఎక్కింది. అన్నెకె ఇంకా మొదటి ప్రశ్న అడగనేలేదు. సంచి ఒక్కసారిగా కిందకి సాగింది. ముల్లు మూడు దాటి, నాలుగు దాటి, అయిదున్నర దగ్గర ఆగింది. కాటా పాడైందేమోనని అన్నెకె దింపి మళ్ళీ ఎక్కించింది. అదే బరువు.

"నాకు తెలుసు!" అంది అన్నెకె ఇందుమతి చేతులు పట్టుకుని. "ఇన్నాళ్ళకి బయటపడింది. పేరు చెప్పండి, రాసేస్తాను. మీ కార్డు సిద్ధంగా ఉంది."

"రాసుకోండి. కలుపుకోలు కార్యాలయం, రేవు వీధి."

"అది మా చిరునామా."

"అవునండీ. మొదటిసారి కాటా ఎక్కగానే సున్నా ఉంది, మీరే చూశారు. మధ్యలో నేను వచ్చింది మీ దగ్గరికే. నన్ను టవరు దింపింది మీ కాగితం. నా చీర కొలిచింది మీ టేపు. జర్మీనా విరిగిన చేతికి రసీదు చూపించింది మీ కౌంటరు. ఈ అయిదున్నరా ఇక్కడిదే, బయటిది గ్రాము కూడా లేదు."

"ఇక్కడ మగవాడి పేరే రాయాలి. అదీ బయటి దేశం మగవాడి పేరు."

"ఆ పేరు నా నోటి నుంచి రాదు."

అన్నెకె అట్టముక్క పక్కన పెట్టింది. ఆ తర్వాత పై అంతస్తుకి ఫోను చేసింది. డైరెక్టరు గారు దిగి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఎవర్నీ నొప్పించని మనిషి. సంచిని చేత్తో ఎత్తి చూసి, బరువుందని ఒప్పుకుని, చట్టం పుస్తకం తెప్పించుకుని చదివారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయమైనట్టు, ఆ కార్యాలయంలో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు గాని సంచి మాత్రం నిండింది.

ఆయన తీర్పు ఇలా చెప్పారు. ఈ దేశంలో స్త్రీల అణచివేతను తయారుచేయడం చట్టం నిషేధించింది. నిషేధించినది ఉండదు. కాబట్టి సంచి ఖాళీగా ఉంది. ఖాళీ సంచికి ఎవరి పేరూ రాయనక్కర్లేదు. అయితే తూకం మూడు కిలోలకు తగ్గకూడదని నిబంధన, కాటా అయిదున్నర చూపిస్తోంది, నిబంధన నెరవేరింది. చట్టం రెండువైపులా తృప్తి పడింది కనుక కార్డు ఇవ్వవచ్చు. సింహాచలం మీద ఏ ఆరోపణా లేదు. ఖాళీ సంచులు దాచడానికి నేలమాళిగలో చోటు లేదు కాబట్టి, దయచేసి దాన్ని ఆమె తనవెంట తీసుకువెళ్ళాలి. బహిరంగ ప్రదేశాల్లో దించకూడదు.

"పేరు రాయరు కదా?" అని మరోసారి అడిగింది ఇందుమతి.

"రాయం," అన్నారు డైరెక్టరు గారు.

ఆమె సంచికి పట్టీ కట్టి భుజానికి తగిలించుకుంది.

అలా ఇందుమతి మళ్ళీ గాలిమర ఎక్కింది. సంచితోనే ఎక్కింది. కంపెనీవాళ్ళు మొదట అభ్యంతరం చెప్పారు గాని, ఖాళీ సంచికి భద్రతా నియమాలు వర్తించవని తేలాక ఊరుకున్నారు. సముద్రం మీద అంత ఎత్తున ఆమె పనిచేస్తుంటే పడవల్లో వెళ్ళేవాళ్ళు తలెత్తి చూసేవారు. ఏటా ఒకసారి కార్డు పొడిగింపుకి కార్యాలయానికి వెళ్ళాలి. ఏటా సంచి కొంచెం బరువెక్కేది. అక్కడ కూర్చున్నంతసేపట్లోనే కొంత పెరిగేది. మీరు చక్కగా కలిసిపోతున్నారని అన్నెకె ఏటా అభినందించేది.

కొన్నేళ్ళకి పౌరసత్వం వచ్చింది. పురమందిరంలో జెండా కింద ప్రమాణం చేయించి, డైరెక్టరు గారు స్వయంగా చెయ్యి కలిపారు. ఇందుమతి ఆ రోజు కొలత వేయించుకున్న చీరల్లోంచే ఎర్రంచు చీర కట్టుకుని వెళ్ళింది.

"మీకు ఇక జీవితంలో తూకం లేదు," అన్నారాయన. "ఈ దేశపు స్త్రీలకి అణచివేత ఉండదు. మా అమ్మమ్మల కాలంలోనే అయిపోయింది. లేనిదాన్ని తూచడం ప్రజాధనం వృథా."

"మరి ఈ సంచి?"

"ఏ సంచి?" అన్నారు డైరెక్టరు గారు, ఎంతో మర్యాదగా.

బయట మెట్ల దగ్గర సింహాచలం ఎదురుచూస్తున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేసి వేసుకున్నాడు. మెడ ఖాళీగా, శుభ్రంగా ఉంది. ఆ వీధిలో అలాంటి మెడలు తక్కువ. అతను భార్య భుజం వైపు చెయ్యి చాపాడు.

"ఇలగియ్యి. ఇయ్యాలైనా నాను మోస్తాను."

"వొద్దు. నీ పేరు లేదు దాని మీద. లేకుండా సూసుకున్నాను," అంది ఇందుమతి. ఆ మాట ఎవరితోనైనా అనాలని ఆమె ఎన్నేళ్ళుగానో అనుకుంటోంది.

ఇద్దరూ ట్రాము ఎక్కారు. ఆఫీసులు వదిలే వేళ, కిక్కిరిసి ఉంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన ఆడవాళ్ళు, బ్యాంకుల్లో, బళ్ళలో, ఆసుపత్రుల్లో పనిచేసి ఇళ్ళకి వెళ్ళేవాళ్ళు, వరసగా కూర్చున్నారు. ఇందుమతి వాళ్ళని ఇన్నేళ్ళూ రోజూ చూసింది గాని, పౌరురాలిగా చూడడం అదే మొదలు. ప్రతి ఒక్కరి కోటు కిందా ఒక బూడిదరంగు సంచి ఉంది. ఎవరి సంచికీ అట్టముక్క లేదు. ఎవరూ దాని గురించి మాట్లాడటం లేదు. కిటికీ పక్కన అన్నెకె కూడా ఉంది; ఇందుమతిని చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. అందరి భుజాలూ ఒకవైపుకి వంగి ఉన్నాయి. ఇందుమతి మాత్రం నిటారుగా కూర్చుంది. పౌరసత్వం ఆమెకింకా కొత్త.